‘సార్’ అనే పిలుపు వెనుక: మధ్యయుగ ఐరోపా నైట్‌ల చరిత్ర

హాస్టల్లో హాజరు పిలిచేటప్పుడు మనమంతా ఏమంటాం? ‘ప్రజెంట్ సార్’ అంటాం. చిన్న తరగతుల్లో ట్రంకుపెట్టె మోసుకుని హాస్టల్‌కు వచ్చిన రోజు నుండి ఈ మాట మన నోట ఎన్ని వేలసార్లు పలికిందో లెక్కలేదు. కానీ ఆ మాట ఎక్కడ పుట్టిందో మేము ఎన్నడూ ఆలోచించలేదు. పెద్దవాడు అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి ఫ్రెంచివారి ‘సైర్’ వచ్చింది. అది ఇంగ్లీషులో ‘సర్’ అయింది. ఇంగ్లండులో అది ఒకప్పుడు నైట్ అనే వీరుడి పేరుకు ముందు పెట్టే బిరుదు. అదే మాట ఓడెక్కి వచ్చి మన హాజరు పుస్తకం దాకా చేరింది.

డిగ్రీలో చరిత్ర చదివేటప్పుడు నైట్‌ల గురించి ఐదు మార్కుల జవాబు ఒకటి గైడు చూసి బట్టీపట్టాం. నైట్ గుర్రమెక్కి యుద్ధం చేస్తాడు. స్త్రీలను, పేదలను, దిక్కులేనివారిని కాపాడతానని ప్రమాణం చేస్తాడు. ఇచ్చిన మాట తప్పడు. ఈ నియమాలన్నిటినీ కలిపి ‘షివల్రీ’ అంటారు. ఇదే జవాబు. మార్కులు బాగానే వచ్చాయి. పీ.జీ.కి వచ్చి లైబ్రరీలో నాలుగు పుస్తకాలు తిరగేశాక మాత్రం ఒక సందేహం పట్టుకుంది. పేదలను కాపాడతానని ప్రమాణం చేశాడు సరే, ఎవరి నుండి కాపాడతానని? ఈ వ్యాసం ఆ సందేహం గురించే.

పేరు ఎక్కడిది?

ముందుగా తమ్ముళ్లకు ఒక మాట. ఈ నైట్ రాత్రి కాదు. ఇంగ్లీషులో దీనికి ముందు ‘కె’ అక్షరం రాస్తారు, కానీ పలకరు. పాత ఇంగ్లీషులో ఆ ‘కె’ను పలికేవారు. అప్పట్లో ఆ మాటకు అర్థం వీరుడు కాదు, కుర్రవాడు, పనివాడు. జర్మన్ భాషలో ఇదే మాటకు తోబుట్టువైన ‘క్నెష్ట్’కు నేటికీ పాలేరు, సేవకుడు అనే అర్థం. జర్మన్లు నైట్‌ను ‘రిట్టర్’ అంటారు, అంటే స్వారీ చేసేవాడు. ఫ్రెంచివారు ‘షెవాలియే’ అంటారు. ‘షెవాల్’ అంటే గుర్రం. షివల్రీ అనే మాట కూడా ఆ గుర్రం నుండే వచ్చింది.

ఈ మాటల్లోనే సగం చరిత్ర ఉంది. మొదట నైట్ అంటే ప్రభువు దగ్గర గుర్రమెక్కి కొలువు చేసే సాయుధుడు. అది ఒక పని. పుట్టుకతో వచ్చే గొప్పతనం తరువాత అంటించుకున్నది.

పది జతల ఎద్దులు

ఆ పనికి పెట్టుబడి మాత్రం చాలా ఎక్కువ. 8వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజ్యంలో ఒక ఆశ్వికుడికి కావలసిన సరంజామా ఖరీదు దాదాపు 20 ఎద్దులకు సమానమని లిన్ వైట్ అనే చరిత్రకారుడు లెక్క కట్టాడు. ఇనుప వలయాలు ఒక్కొక్కటిగా అల్లిన కవచం, శిరస్త్రాణం, కత్తి, డాలు, బల్లెం, వీటన్నిటికీ మించి యుద్ధానికి పనికొచ్చే గుర్రం కావాలి. 20 ఎద్దులంటే పది జతలు. మన ఊళ్లలో పది జతల ఎద్దులున్న ఇల్లు ఎలాంటి ఇల్లో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మరి ఈ ఖర్చు ఎవరు భరించారు? రాజు తన కింది ప్రభువులకు, ప్రభువులు తమ కింది సైనికులకు భూములిచ్చేవారు. ఆ భూమిని ‘ఫీఫ్’ అంటారు. మనకు తెలిసిన జాగీరు వంటిది. దానికి బదులుగా పిలిచినప్పుడు యుద్ధానికి రావాలి. భూమితో పాటు దాన్ని దున్నే మనుషులూ వచ్చేవారు. వీరిలో చాలామంది ‘సెర్ఫ్’లు. ప్రభువు అనుమతి లేకుండా ఊరు విడిచి పోకూడదు. వారంలో కొన్ని రోజులు ప్రభువు పొలంలో కూలి లేకుండా పని చేయాలి. మన భాషలో చెప్పాలంటే వెట్టి. అనేకచోట్ల ప్రభువు మరలోనే గింజలు ఆడించి రుసుము కట్టాలి. కూతురి పెళ్లికీ రుసుమే. ఇంటిపెద్ద చనిపోతే దొడ్లోని మంచి పశువును ప్రభువు తోలుకుపోయే ఆచారం ఇంగ్లండులో ఉండేది. నైట్ గుర్రానికి మేత ఈ దొడ్లోంచే వచ్చింది.

ఏడేళ్లకు ఇల్లు వదిలి

నైట్ కావలసిన పిల్లవాడు సాధారణంగా ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలేవాడు. వేరే ప్రభువు కోటలో ‘పేజ్’గా చేరి బల్ల దగ్గర వడ్డించడం, పెద్దల ముందు మసలుకోవడం నేర్చుకునేవాడు. చిన్నప్పుడే అమ్మను వదిలి పరాయిచోట పడుకున్న మనకు ఆ పిల్లవాడి మొదటి రాత్రి ఎలా ఉంటుందో ఊహించగలం. పద్నాలుగేళ్లకు ‘స్క్వయిర్’ అయి ఒక నైట్ వెంట తిరుగుతూ గుర్రాన్ని సాకడం, కవచం తుడవడం, ఆయుధం పట్టడం నేర్చుకునేవాడు. ఇరవై ఒకటి దాటే వేళకు నైట్ అయ్యేవాడు.

ఆ రోజు నడుముకు కత్తిపట్టీ కట్టేవారు. గుర్రాన్ని అదిలించడానికి మడమలకు ఇనుప ముళ్లు తొడిగేవారు. మెడపై చేత్తో గానీ కత్తి బల్లపరుపు భాగంతో గానీ ఒక్కటి వేసేవారు. తరువాతి కాలంలో ముందురాత్రి స్నానం చేసి, చర్చిలో జాగరణ చేసే పద్ధతి కూడా కలిసింది.

ప్రమాణం ఎందుకు వచ్చింది?

ఇప్పుడు మన సందేహం దగ్గరకు వద్దాం. 10వ శతాబ్దం చివరలో ఫ్రాన్సులో రాజు బలహీనుడు. కోట కట్టుకున్న ప్రతివాడూ తన చుట్టుపక్కల తానే రాజు. వారి వెంట తిరిగే సాయుధులు రైతుల పశువులను తోలుకుపోవడం, చర్చిలను దోచుకోవడం, ఊళ్లు తగులబెట్టడం మామూలైపోయింది. 989లో షారూ అనే చోట బిషప్పులు సభ చేశారు. చర్చిలపై పడి దోచేవారిని, ఆయుధం లేని మతాచార్యులను కొట్టేవారిని, రైతుల, పేదల పశువులను ఎత్తుకుపోయేవారిని మతం నుండి వెలివేస్తామని ప్రకటించారు. దీన్ని ‘దైవశాంతి’ ఉద్యమం అంటారు. 1027లో తులూజ్ అనే చోట జరిగిన సభలో శనివారం సాయంత్రం నుండి సోమవారం ఉదయం దాకా పోరాటాలు ఆపాలన్న నియమం పెట్టారు. తరువాత ఆ గడువును బుధవారం సాయంత్రం నుండే మొదలుపెట్టారు.

అంటే పేదలను కాపాడాలన్న మాట ముందుగా వినిపించింది గుర్రమెక్కినవారికి వ్యతిరేకంగా! పేదలను నైట్‌ల నుండే కాపాడవలసి వచ్చింది. గైడులో రాయని సంగతి ఇది.

కత్తి దూసేవారిని కట్టడి చేయడం కష్టమని తెలిసిన చర్చి తరువాత ఆ కత్తిని తన పనికి మళ్లించింది. 1095లో క్లెర్మాంలో పోప్ రెండో అర్బన్ క్రూసేడుకు పిలుపునిచ్చాడు. 1119 ప్రాంతంలో సన్యాసి నియమాలతో బతుకుతూ యుద్ధం చేసే టెంప్లర్ల సంఘం పుట్టింది. 1274 ప్రాంతంలో రామోన్ లూల్ నైట్‌ల ధర్మాల గురించి ఒక గ్రంథమే రాశాడు. కాక్స్‌టన్ దాని ఇంగ్లీషు అనువాదాన్ని 1484లో అచ్చు వేశాడు. ఇలా ఒకప్పటి బెదిరింపు మెల్లగా వారి ప్రమాణం అయింది, ఆ ప్రమాణమే వారి గొప్పతనానికి గుర్తయింది.

కథల్లో ఒకటి, బతుకులో ఒకటి

12వ శతాబ్దంలో ఫ్రెంచి కవి క్రెతియాఁ ద త్రువా ఆర్థర్ రాజు కొలువులోని వీరుల గురించి కావ్యాలు రాశాడు. నేటికీ సినిమాల్లో కనిపించే నైట్ ఈ కావ్యాల్లోంచి నడిచివచ్చినవాడే. ‘ఇవేన్’ కావ్యంలో మమ్మల్ని ఆపిన ఘట్టం ఒకటుంది. ఒక కోటలో మూడు వందల మంది ఆడపిల్లలు చిరిగిన బట్టలతో, ఆకలితో పట్టు నేస్తుంటారు. తాము నేసిన దాని విలువలో తమకు దక్కేది పిసరంత అని, తమ కష్టంతో యజమాని ధనవంతుడవుతున్నాడని వారు చెప్పుకుంటారు. వీరుల కథలో కూలిలెక్క ఉండటం చూసి ఆశ్చర్యపోయాం. వారిని ఇవేన్ విడిపిస్తాడు. కథ కాబట్టి విడిపించాడు.

అదే శతాబ్దం చివరలో ఆండ్రియాస్ కపెల్లానస్ ప్రేమ గురించి ఒక గ్రంథం రాశాడు. కులీన స్త్రీతో ఎంత వినయంగా మాట్లాడాలో పేజీలకు పేజీలు చెప్పిన ఆ పుస్తకమే, రైతు స్త్రీ దగ్గరకు వచ్చేసరికి కొంత బలవంతం చేసినా ఫరవాలేదన్న ధోరణిలో సలహా ఇస్తుంది. ఇది వెటకారంగా రాసిందని కొందరు పండితులంటారు. వెటకారమే అనుకున్నా, ‘స్త్రీలను కాపాడాలి’ అన్నప్పుడు ఏ స్త్రీలు లెక్కలోకి వచ్చారో, ఎవరు రాలేదో అందులో కనిపిస్తూనే ఉంది.

కథల్లోని నైట్‌ను వదిలి నిజమైన నైట్‌ను చూడాలంటే విలియం మార్షల్‌ను చూడాలి. 1147 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టాడు. చిన్న కొడుకు కాబట్టి ఆస్తి రాదు. 1152లో, ఐదారేళ్ల వయసులో, తండ్రి అతన్ని స్టీఫెన్ రాజు దగ్గర తాకట్టుగా ఉంచి మాట తప్పాడు. పిల్లవాణ్ణి ఉరితీస్తామంటే కూడా తండ్రి చలించలేదట. రాజే జాలిపడి వదిలేశాడు. పెద్దయ్యాక మార్షల్ టోర్నమెంట్లలో పేరు తెచ్చుకున్నాడు. అప్పటి టోర్నమెంట్ అంటే మైదానంలో రెండు జట్ల నకిలీ యుద్ధం. ఓడినవాడి గుర్రం, కవచం గెలిచినవాడివి. మనిషిని వదలాలంటే సొమ్ము కట్టాలి. మార్షల్ మరొక నైట్‌తో పొత్తు కలిసి పది నెలల్లో 103 మంది నైట్‌లను పట్టుకున్నాడని అతని జీవితచరిత్ర కావ్యం చెబుతుంది. పౌరుషం వెనుక ఇంత లెక్కాడొక్కా ఉంది. చివరకు 1216లో తొమ్మిదేళ్ల మూడో హెన్రీ తరఫున ఇంగ్లండును పాలించే బాధ్యత అతనికే వచ్చింది. మనం పాఠాల్లో చదివే మాగ్నా కార్టాను 1216లోనూ 1217లోనూ మళ్లీ జారీ చేయించినవారిలో ముఖ్యుడు అతనే. ఆస్తి లేని చిన్న కొడుకు తన సామర్థ్యంతో అంత దూరం వెళ్లాడు. కానీ అతనూ నైట్‌ల ఇంట్లో పుట్టినవాడే అన్నది మరచిపోకూడదు.

తలుపు మూశారు

ఆ ఇంట్లో పుట్టనివారి సంగతేమిటి? 11, 12 శతాబ్దాల జర్మనీలో ‘మినిస్టీరియాలిస్’ అనే వర్గం ఉండేది. చట్టం ప్రకారం వీరు స్వతంత్రులు కారు. ప్రభువు వీరిని భూమితో పాటు వేరొకరికి బదిలీ చేయవచ్చు. పెళ్లికి ప్రభువు అనుమతి కావాలి. అయినా వీరు గుర్రమెక్కి నైట్‌లుగా పోరాడారు, కోటలకు కాపలాదారులయ్యారు. ఈ వర్గంలో పుట్టిన మార్క్‌వార్డ్‌ను 1195లో ఆరో హెన్రీ చక్రవర్తి దాస్యం నుండి విడుదల చేసి ఇటలీలో రావెన్నాకు డ్యూక్‌ను చేశాడు. పుట్టుక కన్నా పని ముందు నడిచిన సందర్భం ఇది.

కానీ పని చేతికి రాగానే తలుపు మూసుకోవడం మొదలైంది. 1186లో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి శాసనం ఒకటి మతాచార్యుల కొడుకులు, రైతుల కొడుకులు నైట్ పట్టీ కట్టకూడదని చెప్పింది. 1231లో అతని మనవడు రెండో ఫ్రెడరిక్, సిసిలీ రాజ్యం కోసం మెల్ఫీలో ప్రకటించిన చట్టాల్లో, నైట్‌ల వంశంలో పుట్టనివాడు రాజు ప్రత్యేక అనుమతి లేకుండా నైట్ కారాదన్నాడు. రైతుకొడుకు నైట్ కాకూడదని శాసనం చేశారంటే, అంతకుముందు కొందరు అయ్యారనేగా అర్థం! ఎవరూ దాటని గుమ్మానికి ఎవరూ గొళ్లెం పెట్టరు.

సేవకుడు అనే అర్థంతో మొదలైన మాట మూడు నాలుగు వందల ఏళ్లలో సేవకుడి కొడుకును రానివ్వని మాటగా మారింది. ఈ వ్యాసంలో తమ్ముళ్లు గుర్తుంచుకోవలసింది ఒక్కటే ఉంటే అది ఇదే.

మాట ఎవరికి ఇచ్చినట్టు?

నైట్‌లు మాట నిలబెట్టుకోలేదా అంటే, నిలబెట్టుకున్నారు. 1356లో ప్వాతియే యుద్ధంలో ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్ ఫ్రాన్సు రాజు జాన్‌ను బందీగా పట్టుకున్నాడు. ఆ రాత్రి విందులో గెలిచిన యువరాజే నిలబడి ఓడిన రాజుకు వడ్డించాడని ఫ్రోయిసార్ తన చరిత్రలో రాశాడు. 1360 సంధిలో రాజు విడుదలకు 30 లక్షల బంగారు నాణేలు ఖరారు చేశారు. బందీని చంపకుండా గౌరవించి, సొమ్ము తీసుకుని వదలడం అంతకుముందరి నరుకుడు కన్నా ఎంతో మేలు. షివల్రీ చేసిన మంచిని కాదనలేం.

కానీ అదే యువరాజు అంతకు ఏడాది ముందు, 1355లో, బోర్డో నుండి నార్బోన్ వైపు సైన్యం నడిపి దారిపొడవునా ఊళ్లు, పంటలు తగులబెట్టించాడు. శత్రురాజుకు పన్నులు రాకుండా చేయడమే ఎత్తుగడ. ఈ పద్ధతికి ‘షెవొషే’ అని పేరు. ఇందులోనూ ఆ గుర్రమే ఉంది. రాజుకు విందు, రైతుకు నిప్పు. అక్కడ నియమం తప్పినట్టు ఎవరూ అనుకోలేదు. ఎందుకంటే ఆ నియమాలు రైతు కోసం రాసుకున్నవి కావు.

1358లో ఉత్తర ఫ్రాన్సు రైతులు తిరగబడ్డారు. ఈ తిరుగుబాటును ‘జాకరీ’ అంటారు. రైతులు కోటలను కాల్చారు, ప్రభువుల కుటుంబాలను చంపారు. ఆ దారుణాలు కూడా చరిత్రలో ఉన్నాయి. జూన్ 9న మో పట్టణంలో చిక్కుకున్న రాజకుటుంబ స్త్రీలను కాపాడటానికి ఇద్దరు పేరున్న నైట్‌లు వచ్చారు. ఒకరు ఫ్వా ప్రాంతపు గాస్తోన్ ఫెబుస్, మరొకరు ఇంగ్లండు పక్షాన పోరాడే జాన్ ద గ్రయ్యీ. యుద్ధంలో వేర్వేరు పక్షాలవారు రైతుల మీద మాత్రం ఒక్కటయ్యారు.

మరుసటి రోజు మెల్లో దగ్గర రైతుల నాయకుడు గిల్యోమ్ కాల్ ఎదురుగా నవార్ రాజు చార్లెస్ సైన్యం నిలిచింది. ఆనాటి రచనల ప్రకారం రాజు అతన్ని మాట్లాడుకుందాం రమ్మని పిలిచాడు. కాల్ నమ్మి వెళ్లాడు. నైట్‌ల పద్ధతి ప్రకారం సంప్రదింపులకు వచ్చినవాణ్ణి ముట్టుకోకూడదు. కానీ రాజు మనుషులు అతన్ని పట్టుకుని సంకెళ్లు వేశారు. నాయకుడు లేని రైతులను గుర్రాలతో తొక్కించారు. తరువాత కాల్‌కు మరణశిక్ష వేశారు. రైతుకిచ్చిన మాటను మాటగా లెక్కించలేదు. తనకూ ఆ నియమం వర్తిస్తుందనుకోవడమే కాల్ చేసిన తప్పు.

బంగారు ముళ్లు

గుర్రమెక్కినవాడిని నేల మీద నిలబడినవాడు ఓడించలేడన్న నమ్మకం అంతకుముందే ఒకసారి విరిగింది. 1302 జూలై 11న, నేటి బెల్జియంలోని కోర్ట్‌రైక్ దగ్గర, ఫ్రెంచి నైట్‌ల దండుకు ఎదురుగా ఫ్లాండర్స్ పట్టణాల సైన్యం నిలిచింది. వారిలో ఎక్కువమంది నేతగాళ్లు, ఉన్నిబట్ట తొక్కేవారు, ఇతర చేతిపనులవారు. చేతుల్లో పొడవాటి బల్లేలు, ఇనుప మొన ఉన్న దుడ్డుకర్రలు. వాగులు, కాలువలు ఉన్న నేలలో గుర్రాలు చిక్కుకున్నాయి. నేతగాళ్లు వరుస చెదరకుండా నిలబడ్డారు. ఫ్రెంచి సేనాని రాబర్ట్ ద ఆర్త్వా చనిపోయాడు. చనిపోయిన నైట్‌ల మడమల నుండి తీసిన బంగారుపూత ముళ్లను ఆ పట్టణ చర్చిలో వేలాడదీశారు. అందుకే దాన్ని ‘బంగారు ముళ్ల యుద్ధం’ అంటారు.

తరువాత 1346లో క్రెసీలో, 1415లో అజాంకూర్‌లో ఇంగ్లీషు విలుకాళ్ల బాణాలకు ఫ్రెంచి నైట్‌లు కూలారు. ఆ విలుకాళ్లలో ఎక్కువమంది సామాన్యులే. ఆపైన ఫిరంగులు, తుపాకులు, జీతానికి పనిచేసే సైన్యాలు వచ్చాయి. 1605లో స్పెయిన్‌లో సెర్వాంటెస్ ‘డాన్ కిహోటే’ మొదటి భాగం ప్రచురించే నాటికి నైట్ నవ్వుకోవడానికి పనికొచ్చే పాత్ర అయ్యాడు.

పని పోయింది, బిరుదు మిగిలింది. 1381లో ఇంగ్లండు రైతుల తిరుగుబాటు నాయకుడు వాట్ టైలర్, రెండో రిచర్డ్ రాజు సమక్షంలో సంప్రదింపులు జరుగుతుండగా దెబ్బతిని చనిపోయాడు. అతన్ని మొదట పొడిచిన లండన్ మేయర్ వాల్వర్త్ చేపల వ్యాపారి. రాజు అతన్ని ఆ రోజే నైట్‌ను చేశాడు. తలుపు పూర్తిగా మూసుకోలేదన్నమాట, ఎవరి కోసం తెరవాలో రాజు ఇష్టం.

మన దాకా వచ్చిన సంగతి

ఆ బిరుదును తెల్లదొరలు మన దేశంలోనూ పంచారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు 1861లో ‘సర్’ వచ్చింది. రవీంద్రనాథ్ టాగూర్‌కు 1915లో ఇచ్చారు. జలియన్‌వాలాబాగ్ కాల్పుల తరువాత 1919లో ఆయన దాన్ని వదులుకున్నారు.

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం ఈ కథను తన పద్ధతిలో ముగించింది. అంబేడ్కర్ అధ్యక్షుడుగా ఉన్న ముసాయిదా సంఘం తీర్చిన ఆ రాజ్యాంగంలో 18వ అధికరణం ప్రకారం రాజ్యం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదు. రెండిటికి మాత్రం మినహాయింపు ఉంది. ఒకటి సైనిక సంబంధమైనది, రెండోది విద్యా సంబంధమైనది.

ఆ అధికరణాన్ని పోటీ పరీక్షల కోసం చాలాసార్లు చదివాం. నైట్‌ల చరిత్ర చదివాక దాన్ని మళ్లీ చూస్తే వేరుగా కనిపించింది. పుట్టుకతో వచ్చే బిరుదు పోయింది, చదివి తెచ్చుకునేది మిగిలింది. మాలో చాలామందికి ఇంటిపేరు పక్కన పట్టా రాసుకున్న మొదటి మనిషి మేమే. మా నాన్నలు ఆ అక్షరాలను చదవలేకపోయినా తడిమి చూసుకున్నారు. 1186లో ‘రైతుకొడుకు కాకూడదు’ అని రాసిన శాసనం ఎవరి గురించో మాకు అప్పుడు బాగా తెలిసింది.

అందుకే హాస్టల్ తమ్ముళ్లకు మేము చెప్పేది ఒక్కటే. ఏ గొప్ప నియమాన్ని చదివినా, అది పాఠంలోదైనా చట్టంలోదైనా, ఎంత బాగుందో చూడటంతో ఆగకండి. అందులో మనం ఉన్నామా లేదా, మనకన్నా కిందున్నవారు ఉన్నారా లేదా చూడండి. పై గదుల అన్నలు కింది తరగతి పిల్లల చేత బకెట్లు మోయించే చోట కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. ఒకప్పుడు గుమ్మం బయట నిలబడినవారం మనం. లోపలికి వచ్చాక గొళ్లెం పెట్టేవారం కాకూడదు.

రేపు హాజరులో ఎప్పటిలాగే ‘ప్రజెంట్ సార్’ అనండి. వయసుకు, చదువుకు ఇచ్చే మర్యాద అది, తప్పేమీ లేదు. ఆ పిలుపు మాత్రం ఇప్పుడు ఎవరి వంశానికీ సొంతం కాదు. రేపు మీలో ఒకరు ఇదే హాస్టల్‌కు వార్డెన్‌గా వచ్చి, హాజరు పుస్తకం తెరిచి, ఆ పిలుపు వింటారు.